పాడే సాఫ్ట్‌వేర్ ఏది తీసుకోవాలి? తెలుగు పాట కట్టేవాళ్ల కోసం ఒక పోలిక

ఇంట్లోనే ఓ గదిని స్టూడియోగా మార్చుకున్నవాళ్లు ఇప్పుడు బెజవాడలోనూ గుంటూరులోనూ బాగానే కనిపిస్తున్నారు. ల్యాప్‌టాప్, సౌండ్ కార్డు, మిడి కీబోర్డు, ఓ మాదిరి మైకు సమకూరాక మిగిలే లోటు ఒక్కటే: పాడే మనిషి. దసరాకి అమ్మవారి పాటలు, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకి క్రైస్తవ గీతాలు, మధ్యమధ్యలో షార్ట్ ఫిల్ములు. సీజన్ వచ్చిందంటే ట్రాక్ సింగర్లు ఖాళీగా దొరకరు. దొరికినా, పల్లవి నాలుగోసారి మార్చాక మళ్లీ రమ్మని పిలవాలంటే మొహమాటం. ఆ మొహమాటంలోంచే పుట్టే ప్రశ్న ఇది: "అన్నా, కంప్యూటరే పాడేస్తుందట కదా, ఏది కొనమంటావ్?"

జవాబు ముందే చెప్పేస్తే మీకు టైమ్ కలిసొస్తుంది. నోట్లు, సాహిత్యం ఇస్తే పాడిపెట్టే పేరున్న సాఫ్ట్‌వేర్లలో తెలుగును సొంత భాషగా ఎక్కించుకుని వచ్చింది ఒక్కటీ లేదు. వాటిలో ఎక్కువ భాగం జపాన్, చైనాల్లో తయారయ్యాయి. అవి ఎక్కువగా పాడేది జపనీస్, చైనీస్, ఇంగ్లిష్, కొరియన్, స్పానిష్. మన పాటని ఆ భాషల శబ్దాల్లోంచి దొంగదారిన తెచ్చుకోవాలి. అందుకని "ఏది బెస్ట్" అని అడిగితే లాభం లేదు. ఆ గొంతు ఎవరి చెవిన పడుతుంది, సింగర్‌కి పంపే రఫ్ ట్రాక్ దగ్గరే ఆగుతుందా, యూట్యూబ్ దాకా వెళ్తుందా అన్నది తేలితే సగం పని అయిపోయినట్టే.

## ఒకే పేరు, మూడు వేరు వేరు పనులు

"ఏఐ సింగర్" అని అందరూ కలిపి పిలుస్తున్నారు గానీ, ఇందులో మూడు రకాలున్నాయి. కలగాపులగం చేసుకుంటే డబ్బులు దండగ.

మొదటిది టైపు చేసి పాడించేది. పియానో రోల్ (స్వరాల్ని గడుల్లో పరిచే తెర) మీద నోట్లు పరిచి, ఒక్కో నోటు కింద ఒక్కో అక్షరం రాస్తే అది పాడుతుంది. కంప్యూటర్ చేత పాడించడం కొత్తేమీ కాదు, 1961లోనే బెల్ ల్యాబ్స్‌లో ఐబీఎం 704 చేత పాడించారు. మామూలు సంగీతకారుడి చేతికి అందింది మాత్రం 2004లో, యమహా వారి వోకలాయిడ్‌తో. 2007లో క్రిప్టన్ కంపెనీ హత్సునే మికు గొంతు విడుదల చేశాక జపాన్ కుర్రకారు దాని మీద పడ్డారు. సింథసైజర్ వీ, ఏస్ స్టూడియో, ఊటౌ, ఓపెన్ ఊటౌ అన్నీ ఈ కోవలోవే.

రెండోది గొంతు మార్చేది. పాడేది మీరే, రాగం, తాళం, పలుకు మీవి, గొంతు మాత్రం ఇంకొకరిది అవుతుంది. మూడోది, సాహిత్యం ఇచ్చి "మెలొడీ, ఆడ గొంతు, ఫ్లూటు" అని చెబితే వాయిద్యాలతో సహా పాటంతా చేసి చేతిలో పెట్టేది. సునో, యుడియో అలాంటివి.

## దేన్ని పట్టి చూడాలి

అన్నిటికన్నా ముందు ఉచ్చారణ. ఏ సాఫ్ట్‌వేర్ చూసినా నేను ముందుగా ఒకే లైను పాడిస్తాను: "కృష్ణమ్మ ఒళ్ళో వెన్నెల పడవ". కవిత్వం సంగతి వదిలేయండి, మన భాష పెట్టే తిప్పలు చాలావరకు ఇందులో ఉన్నాయి. 'కృ' పలికేటప్పుడు క మీద గాలి ఉండకూడదు. 'ష్ణ' ఉంది. మ్మ, ళ్ళ, న్న అని మూడు ద్విత్వాలు ఉన్నాయి. ఒ, ఎ అని పొట్టి అచ్చులున్నాయి. ఇంగ్లిష్ గొంతు వీటిని 'ఓవ్', 'ఏయ్' చేసేస్తుంది. చివర పడవలో డ. ఈ లైను దాటిన గొంతు మామూలు సినిమా తరహా పాటని దాదాపు దాటేస్తుంది. భక్తి పాటలైతే ధ, భ, ఘ లాంటి మహాప్రాణాలు (ఒత్తి పలికే హల్లులు) కూడా కలుపుకుని చూడండి. మాటల్లో 'వచ్చాడు', 'తెచ్చాడు' లాంటివి ఉంటే ఆ, ఏల మధ్య పలికే ఆ అచ్చుని కూడా పరీక్షించండి. రాతలో దానికి గుర్తు లేదు గానీ చెవికి ఇట్టే తెలిసిపోతుంది.

రెండోది పిచ్ మీద మన చేతి పట్టు. సినిమా మెలొడీకి కాస్త వైబ్రాటో (స్వరం సన్నగా వణకడం), నోటు నుంచి నోటుకి కాస్త జారుడు ఉంటే సరిపోతుంది. తోడి రాగంలో గాంధారం అలా కాదు, అది ఊగుతూనే ఉంటుంది. అలాంటి చోట సాఫ్ట్‌వేర్ సొంతంగా పాడేది పనికిరాదు. పిచ్ గీతని మౌస్‌తో గీసుకునే వీలుండాలి. బాలమురళీకృష్ణ తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు విజయవాడ. ఇక్కడ వినేవాళ్లలో చెవి ఉన్నవాళ్లు ఎక్కువ, గాంధారం తేడా పడితే కామెంట్లలో ఉతికి ఆరేస్తారు.

మిగతావి గబగబా చెప్పుకోవచ్చు. మీ మిషన్‌లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉందా లేదా, సాఫ్ట్‌వేర్ నెట్ లేకుండా నడుస్తుందా, ఒక్కసారి కొంటే అయిపోతుందా లేక నెలనెలా కట్టాలా, తయారైన పాటని అమ్ముకునే హక్కు వస్తుందా. ఇంకో చిన్న సంగతి: వీటిలో చాలావాటికి డాలర్లలో కట్టాలి. మీ కార్డుకి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

## సింథసైజర్ వీ

డ్రీమ్‌టోనిక్స్ అనే కంపెనీది. 2018లో తొలి రూపం, 2020లో స్టూడియో, 2025లో స్టూడియో 2 వచ్చాయి. గొంతు సహజత్వంలో టైపు చేసి పాడించేవాటిలో నా ఓటు దీనికే. ఊపిరి తీసుకోవడం, నోటు చివర గొంతు సన్నబడటం లాంటివి మనం చెప్పకుండానే పెడుతుంది. నచ్చకపోతే అదే లైనుని ఇంకోలా పాడమని అడగొచ్చు. ఎడిటర్ ఒకటి, గొంతు ఒకటి విడివిడిగా కొనాలి. రెండూ కలిపితే పది వేల రూపాయలు దాటుతుంది. పనంతా మీ ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేసి యాక్టివేట్ చేశాక నెట్ పోయినా పాట ఆగదు. మొదటి స్టూడియోకి బేసిక్ ఎడిషన్ అని ఉచితంది ఉంది. అందులో ట్రాకులు తక్కువ, క్యూబేస్, ఎఫ్‌ఎల్ స్టూడియో లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ల లోపల ప్లగిన్‌గా తెరుచుకోదు. చేతికి అలవాటు చేసుకోవడానికి అది చాలు.

తెలుగు విషయానికొద్దాం. చాలామంది ఇంగ్లిష్ గొంతు తీసుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో కృష్ణమ్మ అని కొట్టి, "ఛీ, పనికిరాదు" అని మూసేస్తారు. అది దాన్ని ఇంగ్లిష్ మాట అనుకుని 'ఖ్రిష్‌నామ' అంటుంది మరి. ఒక భాషలో శిక్షణ పొందిన గొంతు చేత వేరే భాషలో పాడించే సదుపాయం దీని కొనే ఎడిషన్‌లో ఉంది. మీరు ఆ భాషని స్పానిష్‌కి మార్చి చూడండి. స్పానిష్‌లో అచ్చులు ఐదే, అ ఇ ఉ ఎ ఒ, ఎక్కడా సాగవు, వంకరపోవు. త, ద పళ్లకి తగిలే శబ్దాలే. క, త, ప మీద గాలి ఉండదు. ర కూడా మన ర లాంటిదే. తెలుగు పాటలో ఎక్కువ భాగం అక్కడే గట్టెక్కుతుంది.

స్పానిష్‌లో లేనివి ష, ట, డ, ణ, ళ, జ లాంటివి. ఆ నోట్ల వరకు ఇంగ్లిష్‌కి మారాలి. ఇంగ్లిష్‌వాళ్ల టీ, డీ ఎలాగూ మన చెవికి ట, డ లానే వినపడతాయి. పడవలో డ కోసం 'డీఎక్స్' అనే ఫోనీమ్ (ఒక్కో శబ్దానికి సాఫ్ట్‌వేర్ వాడే గుర్తు) ప్రయత్నించండి. అమెరికన్లు 'వాటర్' అనేటప్పుడు మధ్యలో నాలుక కొట్టే శబ్దం అది, మన డ కి ఇంకా దగ్గర. 'వచ్చాడు' లోని అచ్చుకి ఇంగ్లిష్ 'క్యాట్' లో ఉన్న అచ్చు సరిపోతుంది. మ్మ కోసం రెండు పద్ధతులు: ముందు నోటుని 'ణమ్' అని ముగించి తర్వాతి నోటుని 'మ' తో ఎత్తుకోవడం, లేదా మ శబ్దం నిడివిని ఫోనీమ్ టైమింగ్‌లో సాగదీయడం. నాకు మొదటిదే నచ్చుతుంది, పాట వేగం మారినా చెదరదు.

ఇంత చేసినా 'ఒళ్ళో' మాత్రం 'ఒల్లో' గానే వస్తుంది. ణ కూడా న లోకి జారిపోతుంది. సింగర్‌కి పంపే రఫ్ ట్రాక్‌లో ఇది ఎవరికీ పట్టదు. యూట్యూబ్‌లో పెట్టే పాటలో మొదటి కామెంటే దాని మీద పడుతుంది.

## వోకలాయిడ్ 6

2022 అక్టోబరులో వచ్చింది. వచ్చినప్పుడు ఎడిటర్‌తోపాటు నాలుగు ఏఐ గొంతులు ఇచ్చారు. పేరు గొప్పది, ధర కూడా అంతే, సింథసైజర్ వీ కంటే ఎక్కువ పడుతుంది. తెలుగుకి ఇందులోని ఏఐ గొంతుల్లో స్పానిష్ దారి దొరకదు. కొత్త ఏఐ గొంతులు జపనీస్, ఇంగ్లిష్, చైనీస్‌ల చుట్టూ తిరుగుతాయి.

జపనీస్ శబ్దాలతో మన లైను పాడిస్తే ఓ వింత తెలుస్తుంది. మ్మ, న్న ద్విత్వాలు చక్కగా వస్తాయి, పొట్టి అచ్చు పొట్టిగానే ఉంటుంది, ఎందుకంటే ఆ భాషలోనూ హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం ఉన్నాయి. కానీ హల్లు తర్వాత హల్లుని ఓర్చుకోదు, కృష్ణమ్మని 'కురిషునమ్మా' చేస్తుంది. ల, ర తేడా లేదు కాబట్టి వెన్నెల 'వెన్నెర' అవుతుంది. జానపదం బాణీలో హుషారుగా సాగే అచ్చ తెలుగు మాటలకి ఫరవాలేదు. సంస్కృత సమాసాలు వచ్చాయంటే చేతులెత్తేస్తుంది.

వోకలాయిడ్ 6లో నాకు పనికొచ్చేలా కనిపించింది వోకలో ఛేంజర్. మీరు పాడిన ఆడియో ఇస్తే అదే తీరులో దాని గొంతుతో పాడుతుంది. ఆ ఒక్కదాని కోసం అంత డబ్బు పెట్టాలా అంటే, మికు అభిమానులు కానివాళ్లు పెట్టనక్కర్లేదంటాను.

## ఏస్ స్టూడియో

చూడటానికి బాగుంటుంది, నేర్చుకోవడం తేలిక, గొంతులు కుప్పలుగా ఉన్నాయి. నెలకో ఏడాదికో చందా కట్టాలి. గొంతు తయారయ్యేది వాళ్ల సర్వర్లలో కాబట్టి నెట్ లేనిదే పని జరగదు. కోరస్ కావాల్సినవాళ్లకి ఇది కలిసొస్తుంది, పదిమంది గొంతుల్లో 'ఆ', 'ఊ' లు పాడించడానికి భాషతో పనే లేదు కదా. క్రైస్తవ గీతాలకి వెనక కోయిర్ కావాలని అడిగే అరేంజర్లు, ఒక ప్రాజెక్టు ఉన్న నెల చందా కట్టి, అయిపోగానే ఆపేసుకోవచ్చు. ముందు వరసలో పాడే గొంతుగా, అదీ తెలుగులో, దీని మీద ఆధారపడమని మాత్రం చెప్పను.

సెవియో, వోయిసోనా, న్యూట్రినో అని ఇంకా ఉన్నాయి. జపనీస్ పాటలు చేసేవాళ్లకి మంచివి. మన పనికి వాటి దాకా వెళ్లక్కర్లేదు.

## ఓపెన్ ఊటౌ: తెలుగు గొంతుని మనమే చేసుకునే దారి

ఊటౌ 2008లో జపాన్‌లో ఒక ప్రోగ్రామర్ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్. ఎవరి గొంతునైనా ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి పెడితే ఆ ముక్కల్ని అతికి పాడుతుంది. దాని బాటలో వచ్చిన ఓపెన్ ఊటౌ ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పాత ల్యాప్‌టాప్ అయినా చాలు. రూపాయి ఖర్చు లేదు గానీ ఓపిక మాత్రం దండిగా కావాలి.

ళ కావాలంటే ళ రికార్డు చేసుకోండి, అంతే. ఇంకే సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ సుఖం లేదు.

లెక్క వేసి చూద్దాం. పాటల్లో తరచుగా వచ్చే హల్లులు ఓ ఇరవై రెండు అనుకుందాం: క గ చ జ ట డ ణ త ద న ప బ మ య ర ల వ శ ష స హ ళ. ఐదు అచ్చులతో కలిపితే 110 ముక్కలు. దీర్ఘానికి వేరే రికార్డింగ్ అక్కర్లేదు, నోటు సాగితే అచ్చు సాగుతుంది. ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు అతుకు కనపడకుండా రావాలంటే 'అమ్', 'ఒళ్', 'ఇష్' లాంటి ముగింపు ముక్కలు ఇంకో 110 కావాలి. మహాప్రాణాలు, 'వచ్చాడు' అచ్చు, 'చుక్క' లో పలికే మెత్తటి చ మీ ఇష్టం. ఎలా చూసినా ఒక ఆదివారంలో రికార్డింగ్ అయిపోతుంది.

రికార్డు చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ముక్కలన్నీ ఒకే శ్రుతిలో ఉండాలి. తంబూరా యాప్ ఇయర్‌ఫోన్లలో పెట్టుకుని ఆధార షడ్జమం మీదే ఒక్కో అక్షరం పలకండి. ఫ్యాను, ఏసీ కట్టేయాలి. మే నెలలో బెజవాడలో ఇది అయ్యే పని కాదు. డిసెంబరులోనో జనవరిలోనో, అర్ధరాత్రి దాటాక, వీధిలో బండ్లు తగ్గాక పెట్టుకోండి. ఫైళ్లు 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్‌లో దాచాలి.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి ముక్కకీ హల్లు ఎక్కడ మొదలైంది, అచ్చు ఎక్కడ నిలకడగా ఉంది, ముందు ముక్కతో ఎంత మేర కలవాలి అని ఓటో ఫైలులో (ఈ గుర్తులన్నీ దాచే ఫైలు అది) గుర్తులు పెట్టాలి. ఇందులో కీలకం ఒక్కటే: తాళం మీద పడాల్సింది అచ్చు, హల్లు కాదు. 'ష్ణ' లాంటిదైతే ష్ తాళానికి చాలా ముందే మొదలవ్వాలి. ఈ గుర్తు తప్పితే గొంతు ఎంత బాగున్నా పాట తాళం వెనక నడుస్తున్నట్టుంటుంది. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు.

వచ్చే గొంతు సింథసైజర్ వీ అంత సహజంగా ఉండదు. కొంచెం లోహపు మోత ఉంటుంది, ఎక్కువ స్థాయికి వెళ్తే పీలగా అవుతుంది. ఎలక్ట్రానిక్ పాటల్లో అదే అందం అనుకునేవాళ్లున్నారు. ఇంకాస్త సహజంగా కావాలంటే ఓపెన్ ఊటౌలోనే డిఫ్‌సింగర్ అనే న్యూరల్ (ఏఐ) పద్ధతి గొంతులు నడుస్తాయి. కానీ తెలుగు డిఫ్‌సింగర్ గొంతు తయారుచేయాలంటే అక్షరాలు చాలవు, గంటకు తగ్గకుండా శుభ్రంగా పాడిన పాటలు, వాటిలో ప్రతి శబ్దానికీ టైమ్ గుర్తులు, శిక్షణకి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఒక్కడి వల్ల కాదు. ఇంజినీరింగ్ కాలేజీలో నలుగురు కలిసి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా పెట్టుకుంటే మాత్రం అందరికీ పనికొచ్చే పని.

## గొంతు మార్చే దారి

"నాకు ఆడ గొంతు కావాలన్నా, పాట నేనే పాడగలను" అనేవాళ్లు టైపు చేసే సాఫ్ట్‌వేర్ల చుట్టూ తిరగడం దండగ. వాళ్లకి కావలసింది ఇది.

ఆర్‌వీసీ (రిట్రీవల్ బేస్డ్ వాయిస్ కన్వర్షన్) 2023లో వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఒకరి గొంతు రికార్డింగులతో దీనికి శిక్షణ ఇస్తే తయారయ్యే ఫైలుని మోడల్ అంటారు. మీరు 'కృష్ణమ్మ ఒళ్ళో వెన్నెల పడవ' అని పాడితే, ళ్ళ మీదే, డ మీదే, తోడి గాంధారం మీదే, గొంతు రంగు మాత్రం మారుతుంది. మోడల్ తయారైన ఆడియోలో మన శబ్దాలు లేకపోతే ళ, ణ కాస్త మసకబారతాయి గానీ సింథసైజర్ వీ లో పడ్డ పాట్లేవీ ఇక్కడ ఉండవు. తెలుగు పాడే స్నేహితురాలు ఓ పావుగంట శుభ్రంగా పాడి ఇస్తే, ఆవిడ అనుమతితో చేసుకున్న మోడల్ ఇంకా బాగా పలుకుతుంది. శిక్షణకి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. డ్రీమ్‌టోనిక్స్ వారి వోకోఫ్లెక్స్ కూడా ఈ పనే చేస్తుంది, శిక్షణ గొడవ లేదు, కానీ కొనుక్కోవాలి.

చిక్కల్లా మీరు శ్రుతిలో పాడగలగాలి. అపశ్రుతి పాడితే అపశ్రుతే కొత్త గొంతులో వస్తుంది. ఇక మగవాళ్లు పాడి ఆడ గొంతుకి మారిస్తే శ్రుతి దాదాపు ఒక స్థాయి (పన్నెండు సెమిటోన్లు) పైకి జరపాలి. అలా కాకుండా కాస్త పై శ్రుతిలో మెల్లగా పాడి, తక్కువ జరిపితే సహజంగా వస్తుంది.

## సునో తరహావి

తెలుగు లిపిలో సాహిత్యం ఇస్తే నిజంగానే పాడతాయి, ఒక్కోసారి ఆశ్చర్యపోయేంత బాగా. అయితే "అనుపల్లవి రెండో లైనులో ఇక్కడ గాంధారం మీద ఆగు" అంటే వినవు. హ్రస్వాన్ని దీర్ఘం చేసినా బతిమాలుకోవడం తప్ప దారి లేదు. సునోలో ఉచిత ప్లాన్ మీద చేసిన పాటని వ్యాపారానికి వాడకూడదు. సునో, యుడియో రెండిటి మీదా అమెరికాలో పెద్ద రికార్డింగ్ సంస్థలు 2024లో కేసులు వేశాయి. బాణీ కోసం ఆలోచన వెతుక్కోవడానికి, పెళ్లి వీడియోలో సరదా పాటకి బాగుంటాయి. పాట కట్టే పనే మీదైతే ఇవి మీ పనిముట్లు కావు.

## ఒక్క చూపులో

| | తెలుగు పలుకు | పిచ్ మీద పట్టు | సహజత్వం | ఖర్చు | నెట్ / మిషన్ |
|---|---|---|---|---|---|
| సింథసైజర్ వీ | స్పానిష్, ఇంగ్లిష్ కలిపితే మెరుగు. ళ రాదు | చాలా ఎక్కువ | చాలా బాగుంటుంది | ఎడిటర్, గొంతు విడిగా కొనాలి | నెట్ అక్కర్లేదు |
| వోకలాయిడ్ 6 | జపనీస్ పద్ధతిలో ఓ మాదిరి | ఎక్కువ | బాగుంటుంది | అన్నిట్లోకీ బరువు | నెట్ అక్కర్లేదు |
| ఏస్ స్టూడియో | ముందు గొంతుకి అంతంత మాత్రం | ఎక్కువ | బాగుంటుంది | చందా | నెట్ తప్పనిసరి |
| ఓపెన్ ఊటౌ | మీరు రికార్డు చేసినంత | చాలా ఎక్కువ | తక్కువ | ఉచితం | పాత మిషన్ చాలు |
| ఆర్‌వీసీ | మీరు పాడినంత | మీ గొంతు పట్టినంత | మోడల్‌ని బట్టి | ఉచితం | గ్రాఫిక్స్ కార్డు కావాలి |
| సునో తరహా | బాగానే, నమ్మకం లేదు | దాదాపు లేదు | చాలా బాగుంటుంది | ఉచితం, చందా | నెట్ తప్పనిసరి |

## మీరు ఎవరైతే ఏది

బాణీలు కట్టి సింగర్లకి పంపేవాళ్లు: సింథసైజర్ వీ. ముందు బేసిక్‌లో మీ పాటే ఒక పల్లవి చేసి చూడండి, పని చేతికి పట్టుబడితే అప్పుడు కొనండి. అసలు మీకు అక్షరాలు కూడా అక్కర్లేకపోవచ్చు. చాలామంది సింగర్లకి 'నననా' అని స్పష్టంగా పాడిన ట్రాకు, పక్కన సాహిత్యం కాగితం ఉంటే చాలు, సాఫ్ట్‌వేర్ వంకర పలుకులు వాళ్ల నోటికి అంటుకునే ప్రమాదం కూడా ఉండదు.

భక్తి ఆల్బమ్ చేసేవాళ్లు: ఫైనల్‌కి మనిషి చేతే పాడించండి. అమ్మవారి నామంలో మహాప్రాణం పోతే వినేవాళ్లు క్షమించరు. సాఫ్ట్‌వేర్‌ని కోరస్‌కి, రఫ్‌కి ఉంచుకోండి. ఏడాదికి రెండు మూడు పాటలే చేసేవాళ్లైతే, సాఫ్ట్‌వేర్‌కి పెట్టే డబ్బుతో ఆ రెండు మూడు పాటలకీ ట్రాక్ సింగర్ వస్తారేమో కూడా లెక్క చూసుకోండి.

పాడగలరు గానీ గొంతు బాగాలేదనుకునేవాళ్లు, ఒకే మనిషి యుగళగీతం చేయాలనుకునేవాళ్లు: గొంతు మార్చే దారి. ఇంకేదీ చూడకండి.

హాస్టల్లో ల్యాప్‌టాప్ ఉండి, జేబులో డబ్బు లేక, టైమ్ మాత్రం ఉన్న కుర్రాళ్లు: ఓపెన్ ఊటౌ. మికు, కసానే టెటో లాంటి బొమ్మ గాయనులంటే పడిచచ్చేవాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. టెటో 2008లో ఏప్రిల్ ఫూల్ సరదాగా పుట్టి ఊటౌ గొంతు అయింది, 2023లో సింథసైజర్ వీ గొంతుగా కూడా వచ్చింది. అయితే ఆ పాత్రల పేర్లు, బొమ్మలు వాడి డబ్బు చేసుకోవాలంటే గొంతు కొంటే సరిపోదు, పాత్రకి వేరే షరతులుంటాయి, అవి చదవండి.

## హక్కుల మాట

నెట్‌లో పేరున్న గాయకుల ఆర్‌వీసీ మోడళ్లు ఊరికే దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతుని ఏఐతో సృష్టించి అనుమతి లేకుండా వాడారంటూ 2024 మొదట్లో ఆయన కుమారుడు చరణ్ ఒక తెలుగు సినిమా వాళ్లకి లీగల్ నోటీసు పంపారు. అదే సమయంలో, కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఏఆర్ రెహమాన్ వాడుకున్నారు, కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చి వాడామని చెప్పారు. 2024 జులైలో అరిజీత్ సింగ్ వేసిన కేసులో బాంబే హైకోర్టు, ఆయన గొంతుని అనుమతి లేకుండా ఏఐతో అనుకరించకుండా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. నిజమైనదే అనిపించేలా తయారైన కృత్రిమ కంటెంట్ అయితే అప్‌లోడ్ చేసేటప్పుడే ఆ మాట చెప్పమని యూట్యూబ్ కూడా 2024 నుంచి అడుగుతోంది.

తెలిసినవాళ్ల గొంతుతో వాయిస్‌బ్యాంక్ (ఊటౌ తరహా గొంతు ముక్కల మూట) గానీ మోడల్ గానీ చేస్తున్నా నోటిమాట మీద వదిలేయకండి. ఏ పాటలకి వాడతారు, ఎంతకాలం, డబ్బు ఎంత, ఆ మోడల్ ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వొచ్చా, వద్దంటే చెరిపేస్తారా అని ఓ కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఆ ఫైలుని గూగుల్ డ్రైవ్‌లో అందరికీ తెరిచిన లింకుతో మాత్రం పెట్టకండి.